ఏడో పేజీ పోయిన పాట

ఆ గదికి వచ్చేవాళ్ళందరికీ తమకేం కావాలో ముందే తెలుసు. అసలు తంటా అదే. బడి బ్యాండు మాస్టారికి కిటికీ అద్దాలు అదిరిపోయే పాట కావాలి. గాయక బృందాలకి, పోయినేడు పక్కపేట వాళ్ళు పాడినదానికన్నా కష్టమైనది కావాలి. ఆర్కెస్ట్రా పెద్దమనిషికి తన వయొలిన్ ఒక్కటే వినపడాలి, మిగతా నలభైమందీ ఏదో ఉన్నామంటే ఉన్నామనిపించాలి. ఇన్ని కోరికలనూ ఓపిగ్గా విని వాటిమీద నీళ్ళు చల్లడమే ముప్పై ఒక్కేళ్ళుగా కాగితాలక్క ఉద్యోగం.

కాగితాలక్క అన్నది జనం పెట్టిన పేరు. గ్రంథాలయం వెనకవైపు, రెండో అంతస్తులో, సంగీత ప్రతుల గది ఆమె రాజ్యం. రాజ్యమనగానే ఏదో ఊహించుకోకండి. పొడుగాటి గది, ఒకే కిటికీ, గోడల నిండా ఇనప అరలు. పాటలూ వాయిద్యాల వరసలూ రాసిన కాగితాలు అక్కడినుంచి అరువు వెళ్ళి, పనయ్యాక తిరిగొస్తాయి. కింది అరల్లో బ్యాండుల అట్టపెట్టెలు, ఎందుకంటే అవి బరువు. వాటిపైన ఆర్కెస్ట్రాలవి. చేతికందే ఎత్తున గాయక బృందాల కవర్లు. అన్నిటికన్నా పైన, నిచ్చెన వేస్తేగాని అందనంత ఎత్తున, ఒక్కళ్ళే పాడేవాళ్ళవీ వాయించేవాళ్ళవీ పల్చటి ఫైళ్ళు. ఒంటివాళ్ళు తక్కువమంది వస్తారులే అని కొత్తలో తనే అలా సర్దింది. ఇప్పుడు నిచ్చెనను చూడగానే మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఆనాడు సర్దిన చేతుల్ని ఈనాడు తిట్టుకుంటోంది.

ఎవరొచ్చినా ఆమెవి మూడే ప్రశ్నలు.

"ఎంతమంది మాస్టారూ?"

"ఇరవై ఆరుగురండి."

"ఎన్ని వారాలుంది?"

"ఎనిమిది."

"బలహీనం ఎవరు?"

మొదటి రెండిటికీ టకటకా చెప్పిన మాస్టారు మూడోదానికి గొంతు సవరించుకుంటాడు. ఎవరి పిల్లల్ని వాళ్ళు ఎలా తక్కువ చేసుకుంటారు? కాసేపు కిటికీలోంచి చూసి, "రెండో ట్రంపెట్టు. పళ్ళకి తీగ కట్టించుకున్నాడు, పై స్వరాలు అందట్లేదు" అని ఒప్పుకుంటాడు.

"అయితే వాడికి పాట వెతుకుదాం. తక్కినవాళ్ళు వాడి వెనకే వస్తారు."

ఆమె సిద్ధాంతం అంతే. ఇంటిల్లిపాదీ కలిసి నడుస్తుంటే కాళ్ళనొప్పులున్న మనిషి నడకే అందరి నడక. మాస్టారు మొహం మాడ్చుకుని, ఆమె తీసిచ్చిన పెట్టెను చంకన పెట్టుకుని మెట్లు దిగుతాడు. ఎనిమిది వారాలయ్యాక కచేరీ ఒడ్డున పడుతుంది. కాగితాలక్క ఎంచిన పాటవల్ల ఎవరి పరువూ పోయిందని చరిత్రలో లేదు. ఎవరి ఒళ్ళూ జలదరించిందనీ లేదు. అయితే ఆ రెండోమాట ఆమె మొహంమీద అనే ధైర్యం ఎవరికుంది?

పాటలు ఎంచడం ఒక ఎత్తయితే, తిరిగొచ్చిన కాగితాలను శుభ్రం చేయడం ఒక ఎత్తు. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు కాగితాలమీద పెన్సిలుతో గీస్తారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఒక చిన్న కొక్కెం, తప్పు పడ్డచోట ఒక సున్నా, మరీ తప్పుపడితే తమని తాము తిట్టుకున్న ఒక ముక్క. వాటిని రబ్బరుతో తుడిచాకే ఇంకొకళ్ళకి ఇవ్వాలి. కాగితాలక్క ఒక్క గీతను కూడా చదవకుండా తుడవదు. మనుషుల సంగతులన్నీ ఆమెకు అక్కడే తెలుస్తాయి. ఫ్లూటు వాయించే పళ్ళడాక్టరు పోయినేడు తాళంలో నాలుగు గడులకోసారి ఊపిరి తీసుకునేవాడు, ఈ ఏడు రెండింటికోసారి. అంటే సిగరెట్టు మళ్ళీ మొదలెట్టాడన్నమాట. మూడో క్లారినెట్టు కాగితం మూల 'అమ్మ ఆస్పత్రి, ఆరింటికి' అని ఉంటే, వచ్చేసారి ఆ అమ్మాయికి తేలికైన వరస పడుతుంది. ఎందుకిచ్చారో ఆ పిల్లకి తెలియదు. "పెన్సిలు గీత అబద్ధమాడదు. మనుషులు నోటితో చెప్పనివన్నీ నాకు కాగితంలో చెబుతారు" అని అక్క గొప్పగా చెప్పుకునేది. ఇంట్లో చెల్లెలి దగ్గర మరీనూ.

ఆ చెల్లెలిని ఇంట్లో అందరూ చిన్నది అంటారు. చిన్నదానికి యాభై అయిదేళ్ళు. యూనిఫారాలు కుట్టే దుకాణంలో పని. భర్త పోయాక నాలుగేళ్ళుగా అక్క దగ్గరే ఉంటోంది. అక్కకు పెళ్ళి లేదు, కాగితాలతోనే కాపురం. చిన్నది పాతికేళ్ళుగా పట్టణ గాయక బృందంలో కింది గొంతుల వరసలో నిలబడి పాడుతుంది. అంత అడుగునుంచి పలికే గొంతు ఇప్పుడు ఆ బృందంలో ఆమెది ఒక్కటే. కింది గొంతుల సంగతి తెలిసిందే కదా, పునాది రాళ్ళు. అవి లేకపోతే ఇల్లు లేదు, ఉంటే ఎవరూ చూడరు.

చూడకుండా చేసినది మాత్రం అక్కే. ఈ సంగతి లోకంలో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

చిన్నదానికి పద్నాలుగేళ్ళప్పుడు బడి వార్షికోత్సవంలో ఒంటరిగా పాడే అవకాశం వచ్చింది. పాట ఎంచింది పద్దెనిమిదేళ్ళ అక్క. అదే ఆమె జీవితంలో ఎంచిన మొదటి పాట. చెల్లెలి గొంతుకి అది రెండు మెట్లు ఎక్కువని ఆమెకప్పుడు తెలియదు. మూడో వరసలో గొంతు చీలి కీచుమంది. హాలంతా నవ్వింది. చిన్నది పక్కవాకిలిగుండా దిగిపోయింది. సైకిళ్ళ షెడ్డులో తడిసిన ఆ మొహం అక్క కళ్ళముందు నుంచి నలభై ఏళ్ళయినా కదల్లేదు. బలహీనుణ్ణి ముందు చూడాలన్న నియమం గొప్ప ఆలోచనలోంచేమీ పుట్టలేదు, ఆ షెడ్డులోంచి పుట్టింది.

ఇక ఏడో పేజీ సంగతి. పదిహేనేళ్ళ కిందట అప్పటి బృందం పెద్దాయన 'ఆవలి గట్టు' అనే పాట తీసుకెళ్ళాడు. ఎవరో పాతకాలం మనిషి చేత్తో రాసిన ఒకే ఒక ప్రతి, విడి కాగితాలు. అందులో ఏడో పేజీలో అందరూ ఆగిపోతే, ఒక్క కింది గొంతు నాలుగు వరసలు పాడుతుంది. ఆ నాలుగు వరసలూ చిన్నదానికి వచ్చాయి. అక్క రిహార్సలుకి వెళ్ళి చివరి కుర్చీలో కూర్చుంది. చిన్నది బాగానే పాడింది. నిజం చెప్పాలంటే, అంత బాగా పాడగలదని అక్కకే తెలియదు. కానీ ఆఖరి స్వరం, అన్నిటికన్నా అడుగునున్నది, కొద్దిగా వణికింది. అక్కకు షెడ్డు గుర్తొచ్చింది. మర్నాడు, చిరుగులు అతికిస్తానని పెద్దాయన దగ్గర కట్ట తీసుకుంది. తిరిగిచ్చినప్పుడు ఏడో పేజీ లేదు. "మీ దగ్గరే ఎక్కడో జారిపోయి ఉంటుంది" అంది. పెద్దాయన పాపం, నెలరోజులు ఇల్లంతా వెతికాడు. బృందం వేరే పాట పాడింది. కవరుమీద అక్క తన చక్కటి దస్తూరితో 'అసంపూర్ణం' అని రాసింది. పేజీ ఆమె బల్ల సొరుగులో, అడుగున పరిచిన అట్టకింద ఉంది.

దొంగతనమా అంటే దొంగతనమే. ప్రేమా అంటే అదీ ప్రేమే. రెండూ ఒకే సొరుగులో పదిహేనేళ్ళు పడుకున్నాయి.

ఇప్పుడు ఆమె రిటైరవడానికి ఇంకా రెండు నెలలుంది. ఈలోగా గదిలోని కాగితాలన్నీ స్కానింగు చేసి, అసలు ప్రతుల్ని ఎక్కడో గోదాములో పెట్టాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఒక్కొక్క కవరూ విప్పడం, పేజీలు లెక్కపెట్టడం, దుమ్ముకి తుమ్మడం. సాయంత్రానికి వేళ్ళ కొసలు మొద్దుబారుతున్నాయి. పాటలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళూ ఏం చేశానని ఎవరైనా అడిగితే, దుమ్ము ఒక అరలోంచి ఇంకో అరలోకి మార్చానని చెప్పాలనిపిస్తోంది.

అలాంటి ఒక సోమవారం బృందం మేడం వచ్చింది. పోయినేడే వచ్చిన కొత్త మనిషి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కే వయసు. వస్తూనే అసంపూర్ణాల జాబితాలోంచి 'ఆవలి గట్టు' అడిగి తీసుకుంది, కిటికీ దగ్గర నిలబడి కూనిరాగం తీస్తూ ఆరు పేజీలూ చదివింది.

"అక్కా, ఇంత మంచి పాట ఇన్నాళ్ళూ ఎవరూ పాడలేదా? మా వార్షిక కచేరీకి ఇదే. ఏడో పేజీ ఏమైంది?"

"పోయింది" అంది అక్క. అడక్కుండానే, "బాగా వెతికాం. సొరుగులతో సహా" అని కూడా అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

"బలహీనం ఎవరని అడగరేంటి?"

"అడుగుతున్నా. ఎవరు?"

"ఎవరూ లేరు, అందరూ పాడతారు" అని నవ్వింది మేడం. అక్క ఇంకో మూడు కవర్లు తీసి ముందు పెట్టింది. తేలికైనవి, తీయటివి, ఎవరినీ ఇబ్బంది పెట్టనివి. మేడం వాటిని విప్పనైనా విప్పలేదు. "శుక్రవారందాకా చూస్తానక్కా. పేజీ దొరక్కపోతే ఆ ఖాళీలో నాలుగు వరసలు నేనే రాసేస్తాను. మా పైగొంతు అమ్మాయి పాడేస్తుంది. స్కానింగులో కూడా అలాగే ఎక్కించేయండి, ఇక గొడవుండదు."

గొడవ ఉండదు. నిజమే. నాలుగు రోజులు నోరు మూసుకుంటే చాలు, ఆ పాట పైగొంతుదైపోతుంది, కవరుమీద సంపూర్ణం అని రాసుకోవచ్చు, చిన్నది తన వరసలో తను క్షేమంగా ఉంటుంది. అక్క ఆ రాత్రి హాయిగా పడుకోవాల్సింది. పడుకోలేదు.

గురువారం మధ్యాహ్నం పోయిన కచేరీ కాగితాలు తుడవడానికి కూర్చుంది. కట్టలో చిన్నదాని ప్రతి కూడా ఉంది. ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఎవరి గీతలనైనా చదివే అక్క, చిన్నదాని ప్రతి మాత్రం చదవదు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, రబ్బరుతో పైనుంచి కిందికి ఒకటే తోమడం. మసగ్గా ఏవో గీతలు కనిపిస్తాయి, పోతాయి. చెల్లెలి ఊపిరి కొక్కేలు దగ్గరపడ్డాయేమో చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే భరించాలి. అందుకని చూడదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, ఈమె ఆ చెట్టుకేసి చూడనుకూడా చూడలేదు.

ఆరోజు అలసటలో కళ్ళజోడు తీయడం మర్చిపోయింది.

ఊపిరి కొక్కేలు ఎక్కువేమీ లేవు. కానీ చివరి పేజీ అడుగున, రాయకుండా వదిలేసిన ఖాళీ గీతలమీద, సన్నటి పెన్సిలుతో నాలుగు వరసలు రాసి ఉన్నాయి. ఒత్తి రాయలేదు, తుడిచేవాళ్ళకి శ్రమ లేకుండా రాసినట్టుంది. అక్క మొదటి వరస లోలోపల పాడుకుంది. రెండోది పాడుకోనక్కర్లేకపోయింది. సొరుగు లాగి, అట్ట ఎత్తి, ఏడో పేజీ తీసి పక్కన పెట్టి చూసింది. ఒక్క చుక్క తేడా లేదు. పదిహేనేళ్ళ కిందట ఒక్క సాయంత్రం పాడిన పాట.

అరలోంచి అంతకుముందు కచేరీ కవరు దించింది. తన రబ్బరు పనితనం తనకే శత్రువైంది, చివరి పేజీ అడుగున ఏమీ లేదు. కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంది. కాగితంలో పెన్సిలు నొక్కులు లీలగా కనిపించాయి, నాలుగు వరసలు. ఇంకొకటి దించింది. అందులోనూ నాలుగు వరసలే. ఇంకొకటి దించడానికి చేతులు రాలేదు. నేలమీదే కూర్చుండిపోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఏమో అనుకుంది ఇన్నాళ్ళూ.

సాయంత్రం చిన్నది ఇస్త్రీ చేస్తోంది. అక్క ఆ ప్రతిని బల్లమీద పెట్టింది.

"ఇదేంటే?"

చిన్నది ఒక చూపు చూసి ఇస్త్రీ ఆపకుండానే అంది. "కొత్తగా అడుగుతావేం? ప్రతిసారీ తుడిచేదేగా."

"ప్రతిసారీ రాశావా?"

"ఏడాదికి రెండు కచేరీలు, లెక్కేసుకో. నోటితో అడిగితే పేజీ పోయిందన్నావు. చదవకుండా ఎవరి గీతా తుడవనని నువ్వేగా చెబుతావు. సరే, నీ భాషలోనే అడుగుదామని రాశాను. తుడిచి అరలో పెట్టేశావు. అక్క వద్దంటోంది, ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నాను. ఆర్నెల్లకి మళ్ళీ ఉండబట్టలేక రాశాను."

చదివి కాదనడం ఒక తప్పు. అసలు చదవకనేపోవడం ఇంకో తప్పు. వాటిలో ఏది తక్కువ తప్పో తూచే ఓపిక అక్కలో మిగల్లేదు.

"చదవలేదే" అంది.

"అందరివీ చదువుతావు కదా?"

"నీది తప్ప."

ఇస్త్రీ పెట్టె ఆగింది. చిన్నది దాన్ని నిలబెట్టి, తీగ ఊడదీసి, కుర్చీలో కూర్చుంది.

"చదివి తుడిచావనుకున్నప్పుడే నయంగా ఉందక్కా."

అక్కకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఏడో పేజీ ఎక్కడుందో చెప్పింది, ఎలా తీసిందో చెప్పింది. "మళ్ళీ నీ గొంతు పోతే, మళ్ళీ అందరూ నవ్వితే... ఆరోజు షెడ్డులో నిన్ను చూశాను కదే. ఎంత ఏడ్చావో నాకు గుర్తుంది."

"నేనా?" చిన్నది నిజంగానే ఆశ్చర్యపోయింది. "నేను కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చాను. షెడ్డులో ఏడ్చింది నువ్వు. నిన్ను ఊరుకోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాడు టీచరు దగ్గరికెళ్ళి ఇంకోసారి పాడతానని అడిగాను. ఆవిడ సరేనన్నా, నువ్వు వెళ్ళి వద్దని చెప్పొచ్చావు. అదీ గుర్తులేదా?"

గుర్తు లేదు. ఒట్టేసి చెప్పమన్నా గుర్తు లేదు.

శుక్రవారం పొద్దున చిన్నది దుకాణానికి సెలవు పెట్టి అక్క వెంట వచ్చింది. నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నా, ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. అరలన్నీ కలయజూసి, "ఇంత దుమ్ములోనా ఉంటావు రోజంతా?" అంది. బల్లకి అవతల, వచ్చినవాళ్ళు నిలబడేచోట నిలబడింది. అక్క ఇవతల కూర్చుని సొరుగు తెరిచి పేజీ తీసింది.

"అడగవేం?" అంది చిన్నది. "అందర్నీ మూడు ప్రశ్నలు అడుగుతావటగా."

"ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

"ఎన్ని వారాలు?"

"ఆరు."

మూడోది అక్క నోట రాలేదు. చిన్నదే, అరువుకొచ్చిన పరాయి మనిషిలా, చెప్పింది. "బలహీనమైన మనిషి మా ఇంట్లోనే ఉంటుంది. కచేరీనాడు ముందు వరసలో కూర్చోబెడతాలే. మధ్యలో లేచిపోకూడదని చెప్పండి."

అక్క నవ్వబోయింది, నవ్వు సరిగా రాలేదు. పేజీ చేతికిచ్చింది. చిన్నది దాన్ని దూరంగా పట్టుకుని, గొంతు పెద్దది చేయకుండా, అక్కడే పాడింది. మొదటి మూడు వరసలూ అరల మధ్య నిండుగా నడిచాయి. కింది అరలో అట్టపెట్టెలు కూడా వింటున్నట్టే అనిపించింది అక్కకు. నాలుగో వరస చివర, పదిహేనేళ్ళ కిందట కొద్దిగా వణికిన ఆ అడుగు స్వరం, ఇప్పుడు అసలు రాలేదు. ఊపిరి మాత్రం వచ్చింది.

అప్పట్లో వణికినా ఉన్న స్వరం అది. దాన్ని అట్టకింద పెట్టి పోగొట్టింది ఎవరో ఇద్దరికీ తెలుసు. అక్క చెయ్యి తనకు తెలియకుండానే ముందుకెళ్ళింది, పేజీ వెనక్కి తీసుకుందామని.

చిన్నది ఇవ్వలేదు.

"పెన్సిలివ్వు" అంది.

పేజీని బల్లమీద పరిచి, ఆఖరి స్వరానికి ముందు ఊపిరి కొక్కెం ఒకటి గీసింది. ఆలోచించి, అంతకు రెండు గడుల ముందు ఇంకొకటి గీసింది. అప్పుడా కాగితాన్ని అక్కవైపు తిప్పి జరిపింది.

"చదువు" అంది.

మెట్లమీద బృందం మేడం అడుగులు, రెండేసి మెట్ల చొప్పున, వినిపిస్తున్నాయి. అక్క కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది.